ఏయొ బీయొ: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

అవతారిక

ముందుగా రుద్రారం గణేశ్‌గడ్డ మీది సిద్ధి వినాయకుడికి దండం. ముంబయి రోడ్డున షిఫ్టు బస్సుల్లో పోయేవాళ్ల చేత కిటికీలోంచే దండం పెట్టించుకునే దేవుడాయన. క్లెయిములకు విఘ్నం రాకుండా చూడవలసిందీ ఆయనే.

తర్వాతి దండం కోలాచల మల్లినాథసూరికి. కాళిదాసు కావ్యాలకు 'సంజీవని' అనే వ్యాఖ్య రాసిన ఆ మహానుభావుడిది మెదక్ జిల్లా కొల్చారమని మనవాళ్లు చెప్పుకుంటారు. 2016లో జిల్లాలు విడిపోయేదాకా ఆ జిల్లా కచేరీలన్నీ మన సంగారెడ్డిలోనే ఉండేవి కాబట్టి, వ్యాఖ్యానం మన ఇంటి సరుకే. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన మాట ఇచ్చాడు. నేను మొదటి మాట నిలబెట్టుకోగలను. రెండోది హెల్త్ ఇన్సూరెన్సు దగ్గర కుదరదు. అక్కర్లేదని వదిలేసిన మాటే డిశ్చార్జి రోజున బిల్లులో కనిపిస్తుంది.

ఇక మూలం సంగతి. పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీ టైమాఫీసు దగ్గర హెచ్చార్ వాళ్లు, కంపెనీ గ్రూపు హెల్త్ ఇన్సూరెన్సులో రెండు ప్లాన్లలో ఒకటి ఎంచుకొమ్మని, ఇంగ్లీషులో రెండు పేజీల నోటీసు అంటించారు. దాని కింద ఎవరో నీలం మార్కర్‌తో ఈ ఆటవెలది రాశారు. కర్త ఎవరో తెలియదు. బి షిఫ్టు వాడని వాడుక. నోటీసు చదివినవాళ్లు తక్కువ, పద్యం కంఠతా పట్టినవాళ్లు ఎక్కువ గనుక నేను పద్యాన్నే ప్రమాణంగా తీసుకున్నాను. నా వ్యాఖ్య పేరు 'నగదురహిత'.

మూలం

జీతమింత పెరిగెఁ జేతికి రాలేదు
ఈయెసైయు పోయె నింటినుండి
ఏయొ బీయొ తేల్చు మీనెల లోపల
ఎంచకున్న వచ్చు నేయె నీకు

ప్రతిపదార్థం

జీతము = నెలాఖరున ఫోనులో టింగుమని మోగి మర్నాటికి మాయమయ్యేది; ఇంత = రెండు వేళ్ల సందుతో చూపదగినంత, అనగా 1,500 రూపాయలు; పెరిగెన్ = 20,400 ఉన్నది 21,900 అయ్యెను; చేతికి = ఇల్లు నడిపే భార్య చేతికి (ఉద్యోగి చేయి ఇక్కడ వివక్షితం కాదు); రాలేదు = రాలేదు; ఈయెసైయు = ఉద్యోగుల రాజ్య బీమాయును; ఇంటినుండి పోయెన్ = ఇంటిల్లిపాదినీ వదలి వెళ్లెను; ఏయొ బీయొ = ప్లాన్ ఎ యో, ప్లాన్ బి యో; ఈ నెల లోపల = నోటీసు ప్రకారం సెప్టెంబరు 25 సాయంత్రం 5 గంటల లోపల; తేల్చుము = టిక్కు పెట్టుము; ఎంచకున్నన్ = ఊరకున్నచో; ఏయె = ప్లాన్ ఎ యే; నీకు వచ్చును = నీ మెడకు చుట్టుకొనును.

మొదటి పాదం చివర 'రాలేదు', రెండో పాదం మొదట 'ఈయెసై'. సంధి చేయలేదేమని ఒక పండితుడు అడిగాడు. ఆ ఫ్యాక్టరీలో రెండేళ్లుగా ఎవరికీ ఎవరితోనూ సంధి కుదరలేదని సమాధానం.

మొదటి పాదం మీద వ్యాఖ్య

జీతం పెరిగితే బీమా పోవడమేమిటి? ఈఎస్ఐలో ఉండాలంటే నెల జీతం 21,000 దాటకూడదు. 15,000గా ఉన్న ఆ గీతను 2017 జనవరి 1న 21,000కి జరిపారు. మన కథానాయకుడు రియాక్టర్ ఆపరేటరు. ఇస్నాపూర్‌లో అద్దె ఇల్లు, భార్య, ఇద్దరు పిల్లలు, జోగిపేట దిక్కు ఊళ్లో తల్లి. జులై ఇంక్రిమెంటుతో అతను గీత దాటాడు. ఓటీ డబ్బుల వల్ల దాటితే లెక్కలోకి రాదు.  దాటించినది ఇంక్రిమెంటే.

పాత జీతం మీద అతని వాటా 0.75 శాతం, అంటే 153 రూపాయలు. కంపెనీ వాటా 3.25 శాతం, 663. ఇప్పుడు ప్లాన్ బి తీసుకుంటే అందులో చేర్చే ఇద్దరు పెద్దవాళ్లకు (తల్లిదండ్రులకో అత్తమామలకో) ప్రీమియం ఏడాదికి 14,000, నెలకు 1,167 చొప్పున జీతంలోంచి పోతుంది. పెరిగిన 1,500కి మిగిలిన 153 కలిపి 1,167 తీసేయండి. చేతికి 486. 'రాలేదు' అనడంలో కవి అతిశయోక్తి 486 రూపాయల మేరకే.

ఆ 14,000లో జీఎస్టీ కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీలకు జీఎస్టీ ఎత్తేశారు, కంపెనీల గ్రూపు పాలసీలకు ఎత్తేయలేదు. గుంపుగా పోతే చవక అన్న మాటకు ఇక్కడ ఒక చిల్లు.

రెండో పాదం మీద వ్యాఖ్య

పూర్వపక్షం: ఈఎస్ఐ పోతే పీడ పోయిందనక ఏడుస్తాడేమి? పొద్దున ఆరింటికి చీటీ కోసం లైను, పదింటికి డాక్టరు, మందుల కిటికీ దగ్గర మళ్లీ లైను, చివరికి 'స్టాకు లేదు, వచ్చే వారం రా'. ఒక రోజు జీతం పోగొట్టుకుని ఉచిత వైద్యం పొందే పద్ధతి కదా ఇది!

సమాధానం: నిజమే. నేనూ నిలబడ్డవాణ్నే. అయితే లైను పొడుగు చూసి తిట్టేవాళ్లు లైను చివర ఏముందో చూడరు. అక్కడ తల్లి షుగరు గోళీలు, బీపీ గోళీలు నెలనెలా ఊరకే ఇస్తారు. గ్రూపు మెడిక్లెయిము సాధారణంగా మంచం ఎక్కితే తప్ప పలకదు. ఇరవై నాలుగు గంటలు ఆసుపత్రిలో పడుకోవాలి, లేదా ఒక్కరోజులో చేసే ఆపరేషన్ల జాబితాలో ఉండాలి. షుగరు గోళీ వేసుకోవడానికి ఎవరూ అడ్మిట్ కారు. రామచంద్రాపురం ఈఎస్ఐ ఆసుపత్రికో, పెద్ద జబ్బయితే సనత్‌నగర్‌కో పంపినప్పుడు ఇంత లక్ష దాకానే అని పైకప్పు ఉండదు. జబ్బు చేసి ఇంట్లో పడుకున్న రోజులకు ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. నా మట్టుకు ఈఎస్ఐ మొత్తంలో బంగారం ఈ చివరిదే. ఏ మెడిక్లెయిము కార్డూ పడుకున్న రోజులకు కూలి ఇవ్వదు.

ఇంకొకటి ఉంది, దాన్ని నవ్వులాటగా రాయడం నాకు చేతకాదు. 2025 జూన్ 30న ఇదే పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా పోయారు. పనిలో ప్రాణం పోతే ఆధారపడ్డవాళ్లకు జీతంలో 90 శాతం లెక్కన నెలనెలా ఇచ్చే నియమం ఈఎస్ఐలో ఉంది. గీత దాటి బయటపడ్డవాళ్లకు యజమాని ఇచ్చే పరిహారమే దిక్కు. ప్లాన్ ఎ, ప్లాన్ బి నోటీసులో ఈ సంగతి ఉండదు. ఉండవలసిన చోటు అది కాదు కూడా. కానీ ఆపరేటరు భార్య ఆ నోటీసు చదివేటప్పుడు మొదట తలుచుకునేది దీన్నే.

'పోయె' అన్న క్రియ దగ్గర మాత్రం కవి పొరబడ్డాడు. ఈఎస్ఐ ఇంకా పోలేదు. చందా కాలాలు రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంకొకటి. నడిమధ్యలో జీతం గీత దాటినా ఆ కాలం ముగిసేదాకా చందా కోయాలి, సభ్యత్వం ఉంటుంది. అందులో 78 రోజుల చందా ఉంటే దానికి ఎదురుగా వచ్చే లబ్ధి కాలం, అంటే వచ్చే జనవరి నుంచి జూన్ 30 దాకా, వైద్యం అందుతుంది. జులైలో గీత దాటినవాడికి వచ్చే ఏడాది జూన్ దాకా డిస్పెన్సరీ తలుపు మూసుకోదు. కాబట్టి 'పోయె' బదులు 'పోవు' అని దిద్దుకోవాలి. గణం చెడదు, యతీ చెడదు. హెచ్చార్ సారు ఈ ముక్క చెప్పడు. ఆయనకు తెలియక అని నేననుకుంటున్నాను.

మూడో పాదం మీద వ్యాఖ్య

నోటీసులోని రెండు ప్లాన్లు ఇవీ. ఎ: 3 లక్షలు, ఆలుబిడ్డలకు మాత్రమే, ప్రీమియం అంతా కంపెనీది, గది అద్దె బీమా మొత్తంలో 1 శాతం దాకా. బి: 5 లక్షలు, సింగిల్ ఏసీ గది, తల్లిదండ్రులను గాని అత్తమామలను గాని చేర్చుకోవచ్చు, ఆ పెద్దవాళ్ల బిల్లులో 20 శాతం మనం భరించాలి, వాళ్ల ప్రీమియమూ మనదే.

టీ కొట్టు దగ్గర వాదమంతా మూడా ఐదా అన్న అంకె మీదే నడిచింది. అంకె చివర చూడవలసింది. మొదట చూడవలసింది గది అద్దె. 3 లక్షల్లో 1 శాతం అంటే రోజుకు 3,000. భార్యకు పిత్తాశయంలో రాళ్లు తేలాయనుకోండి. మియాపూర్ దిక్కు ఒక ఆసుపత్రిలో 3,000 గదులు నిండిపోయాయి, 6,000 గది ఇచ్చారు. మూడు రోజులు. గది 18,000, సర్జను, థియేటరు, మత్తు డాక్టరు, నర్సింగు కలిపి 84,000, మందులు, పరీక్షలు 38,000. మొత్తం 1,40,000.

సామాన్యుడి అన్వయం: గదిలో ఎక్కువైన 9,000 నేను కడతాను, మిగతాది బీమా ఇస్తుంది.

బీమా అన్వయం: నీకు దక్కవలసిన గదికి రెండింతల గదిలో పడుకున్నావు గనుక, ఆ గదితో ముడిపడ్డ ఖర్చులన్నిటిలో సగమే ఇస్తాను. గదికి 9,000, డాక్టర్ల లెక్కకు 42,000. మందుల మీద, పరీక్షల మీద ఈ కోత వేయగూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లో కట్టడి చేసింది కాబట్టి అవి 38,000 పూర్తిగా. వెరసి 89,000. మిగిలిన 51,000 మనవాడి జేబు.

3 లక్షల పాలసీ, లక్షా నలభై వేల బిల్లు, అయినా 51,000 చేతిచమురు. అలంకారశాస్త్రంలో దీనికి పేరు లేదు గాని క్యాషు కౌంటర్లో ఉంది: ప్రపోర్షనేట్ డిడక్షన్. బి లో గదికి రూపాయల హద్దు లేదు కాబట్టి సింగిల్ ఏసీ గదిలోనే ఉంటే ఈ కోత రాదు. నా తీర్పు ఇక్కడే అయిపోయింది: బి.

కానీ బి అనగానే కుటుంబకలహమనే కొత్త సర్గ మొదలవుతుంది.

"ఏది పెడ్తున్నవ్?"

"బి పెడ్త. అమ్మను రాయొచ్చు."

"మరి మా అమ్మ, నాయిన?"

"రెండు దిక్కులు రాయనియ్యరట. మా దిక్కో, మీ దిక్కో ఒక్కటే."

"గీ రూలు రాసినోనికి అత్తమామలు లేరా ఏంది?"

ఈ ప్రశ్నకు నోటీసులో జవాబు లేదు. ధర్మశాస్త్రంలోనూ దొరకదు. దొరికింది మాత్రం రేషన్ కార్డులో. తల్లికి ఊళ్లో సొంతంగా ఆహార భద్రత కార్డు ఉంది. కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ ఉంది, దాని హద్దును 2023 డిసెంబరు 9న 10 లక్షలకు పెంచారు. బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఆ సేవలు ఆపిన రోజులూ ఉన్నాయి, మరిచిపోవద్దు. అయినా ఆమెకు ఒక గొడుగు ఉంది, వచ్చే జూన్ దాకా ఈఎస్ఐ గోళీలూ ఉన్నాయి. అత్తమామలకు కొడుకు సర్కారు నౌకరీ పుణ్యమా అని కార్డు లేదు. మామకు మోకాళ్లు, అత్తకు బీపీ. ఆ వయసులో, ఆ జబ్బులతో కొత్తగా సొంత పాలసీకి పోతే ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా ఎదురుచూడమనవచ్చు. ఈ గ్రూపు పాలసీలో మొదటి రోజు నుంచే వర్తిస్తుందని నోటీసు రెండో పేజీలో రాసి ఉంది. గొడుగు లేనివాళ్లకే గొడుగు పట్టాలి. ఊళ్లో అమ్మకు ఈ సిద్ధాంతం నచ్చచెప్పే భారం వ్యాఖ్యాతది కాదు.

నాలుగో పాదం మీద వ్యాఖ్య

'ఏయె' అనడంలో శ్లేష ఉంది. ప్లాన్ ఎ యే అని ఒక అర్థం, ఏదో ఒకటి అని ఇంకో అర్థం. ఫారం ఇవ్వనివాణ్ని ఎ లో వేస్తారు. ఏడాది మధ్యలో మార్చుకోనివ్వరు, పెళ్లో పురుడో అయితే తప్ప.

పద్యంలో లేదు గాని నోటీసులో ప్లాన్ ఎ పక్కన ఒక చిన్న నక్షత్రం ఉంది. నక్షత్రం ఉన్నచోట నక్షత్రకుడు ఉంటాడు. హరిశ్చంద్రుణ్ని కాశీ దాకా వెంటాడినట్టు వాడు మనల్ని బిల్లింగు కౌంటరు దాకా వెంటాడతాడు. పేజీ అడుగున వాడి రాత ఇంత: గ్లౌజులు, సిరంజిలు, డైపర్లు ఇవ్వబడవు, ఉద్యోగం మానిన రోజున పాలసీ ఆగును. ఈ రెండోదానికి విరుగుడు ఉంది. ఉద్యోగం మానేటప్పుడు అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారతానని అడగవచ్చు. అడగాలని ఎవరూ గుర్తుచేయరు.

ఫలశ్రుతి

కథానాయకుడు 24న షిఫ్టు దిగి బి దగ్గర టిక్కు పెట్టి, అత్తమామల ఆధార్ జిరాక్సులు జతచేసి టైమాఫీసులో ఇచ్చాడు. హెచ్చార్ సారు కళ్లద్దాలు సర్దుకుని రెండు జిరాక్సులూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఇద్దరి పుట్టినరోజూ జనవరి 1. మామ ఫారంలో మాత్రం మనవాడు గుర్తున్నంత మేరకు వేరే ఏడు వేశాడు. ఫారం వెనక్కి వచ్చింది, మర్నాడు దిద్ది మళ్లీ ఇచ్చాడు. మీరూ ఫారం ఇచ్చేముందు ఇంట్లో ప్రతి ఒక్కరి పేరూ పుట్టిన తేదీ ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాశారో లేదో చూసుకోండి. గడువు 25 సాయంత్రం 5 గంటలు.