కేజింపావు విజయము

ముందుగా ఇష్టదేవతా స్తుతి. వరండా గోడ మీది పటంలో సంజీవని పర్వతాన్ని ఒంటిచేత్తో మోసుకుపోతున్న ఆంజనేయస్వామికి నమస్కారం. ఎన్ని సెట్లు, సెట్టుకీ సెట్టుకీ మధ్య ఎన్ని నిమిషాలు అని ఎవరినీ అడగలేదు. మూలిక ఆనవాలు దొరక్కపోతే కొండకు కొండే పెకలించాడు. ఆ తర్వాత ఏ వానరుడికీ దాని మీద సలహా ఇచ్చినట్టు కనబడదు.

పిమ్మట పూర్వవీర స్తుతి. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు గారికి, 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, వెరసి 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చిన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరికి దండాలు. సంప్రదాయం ప్రకారం దీని వెంటనే కుకవి నింద రావాలి. అది పెద్దది కనక వాయిదా వేస్తున్నాను.

పురవర్ణన. చంద్రపూర్ జిల్లాలోని మా భద్రావతికి రైల్లో వచ్చేవాళ్ళు భాందక్ స్టేషన్లో దిగాలి. బోర్డు చూసి, మన ఊరింకా రాలేదనుకొని బల్లార్షా దాకా పోయిన చుట్టాలు మాకున్నారు. కొండను తొలిచిన విజాసన్ బౌద్ధ గుహలు, పార్శ్వనాథుడి జైన మందిరం, నాగపంచమికి జనం పోటెత్తే భద్రనాగ ఆలయం ఈ పురానికి మూడు కళ్ళు. మూడూ ఒకే ఊళ్ళో, ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా ఉన్నాయి. బొగ్గు గనుల పనికని తాతల నాడు ఇటు వచ్చిన తెలుగు కుటుంబం మాది. మా వెనక వరండాలో మాత్రం మూడు మతాలకు చోటు చాలడం లేదు.

అదే కురుక్షేత్రం. ఒక ఇనుప కడ్డీ, అంకెలు చెరిగిన ప్లేట్లు, సిమెంటు నేల మీద మడతపెట్టి పరిచిన పాత దుప్పటి. చంద్రపూర్ ఎండకు పది దాటితే ఇనుము ముట్టుకోలేం కనక, సమయం తెల్లవారుజాము అయిదు. ఎదురుగా మేనల్లుడు, చేతిలో ఫోను. సంజయుడికి ఒక్క యుద్ధమే కనబడేది. వీడికి పదిహేను కనబడతాయి.

"మామయ్యా, ఒక్క సెట్టు చాలు. చెయ్యి ఇక లేవనని మొండికేసేదాకా చెయ్యాలి, అంతే" అన్నాడు సోమవారం. ఇది అద్వైతం: ఒక్క సెట్టే సత్యం, తక్కినవి మిథ్య. దీని ఆచార్యుడు ఆర్థర్ జోన్స్, 1970లలో నాటిలస్ యంత్రాలు అమ్ముతూ ఈ మతాన్ని వ్యాపింపజేసిన అమెరికావాడు. బుధవారానికి మూడు సెట్లు, సెట్టుకు పది రెప్పులు అయింది. దీని మూలపురుషుడు థామస్ డెలోర్మ్ అనే సైనిక వైద్యుడు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో దెబ్బతిన్న సైనికుల మోకాళ్ళకు ఇనుము ఎత్తించి బలం తెప్పించాడు. మొదట 70 నుంచి 100 రెప్పులు చేయించి, అంత అక్కర్లేదని గ్రహించి, 1948 నాటికి మూడు సెట్లకు దించాడు. చెప్పిన మాటను తనంతట తానే తగ్గించుకున్న ఆచార్యుణ్ణి ఈ వాఙ్మయంలో నేను ఇంకొకణ్ణి చూడలేదు. శుక్రవారం మూడో మతం: "అసలు బరువులెందుకు మామయ్యా? తేలికవే, ఎక్కువసార్లు." నూరేళ్ళ కిందట వస్తాదు యూజిన్ శాండో తేలిక డంబెల్స్ పట్టించి చెప్పిందీ ఇదే.

ఇప్పుడు కుకవి నింద. తన ఒంటికి సరిపడ్డ ఉపాయాన్ని లోకానికంతటికీ వేదం చేసి, మర్నాడు తనే దాన్ని ఖండించి, రెండుసార్లూ "సైన్సు చెప్పింది" అనేవాడు కుకవి. సైన్సు చెప్పింది చప్పగా ఉంటుంది. తేలికైనా బరువైనా అలసట అంచుదాకా చేస్తే కండ ఇంచుమించు ఒకలాగే పెరుగుతుందట, గరిష్ఠ బలానికి మాత్రం బరువే మేలట. అంటే ముగ్గురూ తలా కాస్త గెలిచారు. వీరకావ్యానికి ఇంతకు మించిన అరిష్టం లేదు.

మోకాలి ఘట్టం క్లుప్తంగా. కూర్చుని లేచేటప్పుడు మోకాలు కాలివేళ్ళను దాటరాదని ఒక లక్ష్మణరేఖ గీశారు. నా మోకాలిచిప్ప ఆర్నెల్లు ఆ గీత లోపలే ఏకాంతవాసం చేసింది. దాటనివ్వకపోతే మోకాలి మీద ఒత్తిడి కొంత తగ్గినా, తుంటి మీద అంతకు ఎన్నో రెట్లు పడుతుందని 2003లోనే కొలిచి చెప్పారు. నాకు ఆ వార్త నడుము ద్వారా ముందే తెలిసింది.

ప్రోటీను డబ్బాలో స్కూప్ అనే చెంచా పాతాళగతమై ఉంటుంది. వరాహావతారంలా మోచేతి దాకా దూర్చి, హిరణ్యాక్షుడి వంటి ఉండలను పగలగొట్టి, దాన్ని ఉద్ధరించాలి. వ్యాయామమయ్యాక అరగంటలో తాగాలి, దాటితే వర్జ్యం అని మేనల్లుడు గడియారం పట్టుకు నిలబడేవాడు. రోజు మొత్తం మీద ఎంత తిన్నామన్నదే అసలు లెక్క అని తర్వాత చదివి, తీరిగ్గా పెసరట్టు తిన్నాను.

ఇక కథానాయకుడు. అరచేయంత వాడు, నడుమ కన్నం, ఒళ్ళంతా తుప్పు పుట్టుమచ్చలు. పేరు కేజింపావు ప్లేటు. అన్నీ చదివి చూస్తే, తిట్టుకునే మూడు సేనలూ తలవంచేది ఈ అల్పుడి ముందే: ఎవరి మతమైనా బరువు కొంచెం కొంచెంగా పెరగాలి. క్రోటన్ మల్లుడు మైలో రోజూ దూడను మోస్తూ, అది ఎద్దయ్యేదాకా మోశాడని గ్రీకుల పురాణం. మాకు దూడ లేదు. కడ్డీకి చెరోవైపూ తగిలించడానికి కేజింపావులు రెండున్నాయి.

ఉండేవి. 40 నుంచి 42.5కు దండెత్తవలసిన నాటి ఉదయం ఒకటి కనబడలేదు.

అన్వేషణ మొదలైంది. మంచం కింద వెతికాం, చెప్పుల స్టాండు వెనక వెతికాం. స్కూటరు డిక్కీలో మేనల్లుడికి పోయిన హెడ్‌ఫోను దొరికింది గానీ నాయకుడు దొరకలేదు. చివరికి వంటింట్లో, పొయ్యి పక్కన, పాలగిన్నె మూత మీద, పద్మాసనం వేసినట్టు కూర్చుని ఉన్నాడు. కిటికీలోంచి పిల్లి ఆయన్నే చూస్తోంది.

"అది తీయకండి, నాలుగు రోజుల్నుంచి పాలు దక్కుతున్నాయి" అంది మా ఆవిడ. తర్వాత కాస్త ఆలోచించి, "ఏవండీ, ఇలాంటిదే ఇంకోటి ఉండాలే? పెరుగు గిన్నెకి" అంది.

వరండాలోకి వచ్చి రెండోదాన్ని తీసి ఇచ్చాను. కడ్డీ 40తోనే లేచింది. మూడు సెట్లు చేశాను. రెండోది లెక్కలోకి రాదన్నాడు మేనల్లుడు.