వీకెండ్ వనవాసం

శనివారం వచ్చిందంటే పటాన్‌చెరు మీదుగా వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి వనవాసులతో కళకళలాడుతుంది. రాములవారు నారచీరలతో బయల్దేరారు గానీ, వీళ్లు బండి నెత్తిన గుడారం, వెనక ట్రైలర్లో ఫ్రిజ్, ఇన్వర్టరు, మడత కుర్చీలు, కాఫీ మిషను కట్టుకుని మరీ వెళ్తారు. ఎక్కడికయ్యా అంటే మంజీరా మీది సింగూరు జలాశయం ఒడ్డుకి. ఎందుకయ్యా అంటే సింపుల్‌గా బతకడానికి. మంజీరా నీళ్లు నగరంలో కుళాయి తిప్పితే ఇంటికే వస్తాయి. ఆ మంజీరా పక్కనే కూర్చుని తాగడానికి మాత్రం మినరల్ వాటర్ డబ్బాలు మోసుకుపోవాలి!

ఇక వీళ్ల సరసాలు. కొత్తగా చేరినవాడు దొరికితే ఆ రాత్రి వాడికి శివరాత్రే. గుడారం మేకులు పీకుతారు. రెండు చెప్పుల్లో ఒకటే దాచేస్తారు. నడిజామున గుడారం పక్కన చేరి "మొసలి! మొసలి!" అని అరుస్తారు. మంజీరాని 1978లోనే అభయారణ్యంగా ప్రకటించారు, అక్కడ మగ్గర్ మొసళ్లు నిజంగానే ఉన్నాయి కాబట్టి ఈ హాస్యానికి సర్కారు వారి పూచీ కూడా ఉంది. అలా అరిచిన వీరుడు ఆ తర్వాత ఒంటేలుకి కూడా తోడు లేకుండా వెళ్లడు, అది వేరే సంగతి. ఈ గోలంతా విని, పొద్దున్నే వల సర్దుకుంటున్న ఊరి పెద్దాయన ఒకటే అంటాడు: "మొసలి దాని జాగల అదుంది సారూ. మీరే వచ్చి దాని జాగల పండిన్రు."

నిజంగా కష్టమే కావాలంటే సంగారెడ్డిలో చవగ్గా అమ్మారు కూడా. 1796 నాటి పాత జైలును మ్యూజియం చేసి, 2016లో 500 రూపాయలకు ఒక రోజు ఖైదు పథకం పెట్టారు. ఖైదీ బట్టలు, ఖైదీ తిండి. లక్షలు పోసి గుడారం కొన్నవాడికి అంత అగ్గువ కష్టం నామోషీ కదా!

అదే దారిలో, పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీ గేట్ల ముందు అన్‌లోడింగ్ కోసం రోజులకు రోజులు పడిగాపులు కాసే ట్రైలర్ డ్రైవర్లకూ ఆటలున్నాయి. కొత్త క్లీనర్ చేతికి ఖాళీ డబ్బా ఇచ్చి, "పంక్చర్ షాపుల రెండు కిలోల గాలి తేపో" అంటారు. షాపువాడూ ఆరితేరినవాడే. "స్టాకు అయిపోయింది, ఇస్నాపూర్‌ల అడుగు" అని సాగనంపుతాడు. తెలివైన కుర్రాడైతే దాబాలో చాయ్ తాగి, డబ్బాకు మూత బిగించి తెస్తాడు: "గాలి ఉద్దెరకిచ్చిండ్రు ఉస్తాద్, పైసలు నువ్వే కట్టాల్నట."

మన వనవాసులు ఒక్క రాత్రి అక్కడ బస చేసి చూడాలి. అద్దె లేదు, మొసళ్లు లేవు, రసాయనాల వాసన ఉచితం. మేకులు పీకేవాళ్లు ఎలాగూ ఉండరు, డీజిల్ పీకేవాళ్లు ఉంటారు. తెల్లారి ట్యాంకు మూత తీసి చూసుకుని, అదీ సరదాకే అనుకుంటే సరి.