నెట్టెక్కని ఆడిటరు

గోడౌన్ మొహం చూడకుండా గోడౌన్ ఆడిట్ చేసేవాళ్లని చూసేదాకా బతుకుతానని నేననుకోలేదు. చూశాను. పరాయివాడు కూడా కాదు, మా చెల్లెలి మనవడు. హైదరాబాద్‌లో పెద్ద ఆడిట్ సంస్థలో ఉద్యోగం. సంక్రాంతికి విజయవాడ వచ్చి, మా వసారాలో మడతకుర్చీ వాల్చుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్, పక్కన అరిసెల పళ్లెం పెట్టుకున్నాడు.

"పండగ పూట ఏం పనిరా?"

"సప్లై చైన్ ఆడిట్ తాతయ్యా. కోళ్ల మేత కంపెనీ. పద్నాలుగు గోడౌన్లు."

"ఎన్ని తిరిగావు?"

"అన్నీ ఇందులోనే ఉన్నాయిగా" అంటూ తెర నావైపు తిప్పాడు. గళ్లు గళ్లుగా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. లెక్క కలిసింది ఆకుపచ్చట, తేడా ఉన్నది ఎర్రగా కనిపిస్తుందట. మా రోజుల్లో ఎర్రబడటానికి గళ్లెక్కడివి? తేడా ఉంటే గుమస్తా మొహం పాలిపోయేది, అదే చూసుకునేవాళ్లం.

అసలీ సప్లై చైన్ అన్న మాటే మేమెరగం. స్టోర్స్ ఆడిట్ అనేవాళ్లం, లారీ కిరాయిల ఆడిట్ అనేవాళ్లం. నేను ఆర్టికల్స్‌లో చేరింది 1975లో. సరుకును యాజమాన్యం స్వయంగా లెక్కపెట్టించిందా లేదా అన్నది ఆడిటరు తన రిపోర్టులో చెప్పి తీరాలని కేంద్రం ఆర్డరు తెచ్చిందీ ఆ ఏడాదే. మా సీనియర్ గారు ఆ ఆర్డరు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇక మీ చెప్పులరుగుతాయిరా" అన్నారు. అరిగాయి. ఏడాదికి రెండు జతలు.

మా సంచిలో టార్చిలైటు, కొలిచే టేపు, కార్బన్ పేపర్లు, రెండు రంగుల పెన్సిళ్లు, ఒక సుద్దముక్క ఉండేవి. సుద్దముక్క ఎందుకంటే, లెక్కపెట్టిన నెట్టు మీద గీత పెట్టడానికి. పెట్టకపోతే పగలు ఈ గోడౌన్లో లెక్కపెట్టిన బస్తాలే రాత్రికి రాత్రి లారీ ఎక్కి పక్క ఊరి గోడౌన్లో దిగేవి. మర్నాడు వాటినే మళ్లీ మనచేత లెక్కపెట్టించి, మజ్జిగ కూడా ఇచ్చి పంపేవాళ్లు. అందుకే రెండు గోడౌన్లుంటే ఇద్దరం చెరొకచోట ఒకే గంటకి మొదలుపెట్టేవాళ్లం. మార్చి 31 సాయంత్రం గేటు దగ్గర నిలబడి, లోపలికొచ్చిన చివరి సరుకు రసీదు నంబరూ, బయటికెళ్లిన చివరి గేట్ పాస్ నంబరూ రాసుకునేవాళ్లం. ఆ రెండు నంబర్లూ జేబులో ఉంటే చాలు, ఏప్రిల్లో ఎవరెన్ని కథలు చెప్పినా వినోదంగా వినొచ్చు.

ఒక ఎరువుల గోడౌన్ సంగతి చెప్పాలి. ఎవరిదో అడక్కండి. యూరియా బస్తాల నెట్టు. పొడవు ఇరవై, వెడల్పు పది, ఎత్తు పదిహేను. గుణిస్తే 3,000. పుస్తకంలోనూ 3,000. టిక్కు పెట్టి వెళ్లిపోవాల్సినవాణ్ణే. ముఠా మేస్త్రి ఊరుకోక "పైకెక్కకండి బాబుగారూ, జారతారు" అన్నాడు. అప్పటిదాకా ఎక్కాలన్న ఆలోచనే నాకు లేదు. ఆ మాటతో చెప్పులు విడిచి ఎక్కాను. పై వరస మీద నడుస్తుంటే నడిమధ్యలో కాలు దిగబడిపోయింది. బస్తాలు లాగి చూస్తే లోపల బావి. చుట్టూ గోడ కట్టినట్టు బస్తాలు, పైన వెదురు తడికలు పరిచి వాటి మీద ఒక్క వరస. నాకు చీలమండ బెణికింది, గుమస్తాకి ఉద్యోగం పోయింది. పోవాల్సింది అతని పైవాడి ఉద్యోగం. ఆ ముక్క రిపోర్టులో రాసే ధైర్యం మా సీనియర్ గారికీ లేకపోయింది, నాకూ లేకపోయింది. మా రోజులన్నీ సత్యహరిశ్చంద్రుడి రోజులని నేనెప్పుడూ అనలేదు.

ఈ కథ చెబితే మావాడు "ఇప్పుడలా కుదరదు తాతయ్యా, ప్రతి బస్తాకీ బార్‌కోడ్ ఉంటుంది" అన్నాడు. బార్‌కోడ్ బస్తా మీద ఉంటుంది గానీ బస్తా లోపల ఉండదు కదరా అన్నాను.

లోపలేముందన్నదే అసలు చిక్కు. ఆడిట్ చదివిన ప్రతివాడికీ 1963 నాటి అమెరికా సలాడ్ నూనె కుంభకోణం తెలుసు. న్యూజెర్సీలో పేద్ద ట్యాంకులు, వాటి నిండా నీళ్లు, పైన తేలేటట్టు కాస్త సోయా నూనె. తనిఖీకొచ్చినవాళ్లు పైనుంచి చూసి తల ఊపారు. వాళ్లిచ్చిన రసీదుల్ని నమ్మి ఘనత వహించిన సంస్థలు కోట్ల డాలర్లు అప్పులిచ్చాయి. నూనె నీళ్ల మీద తేలుతుందని మా ఇంట్లో అంట్లు తోమే మనిషికి కూడా తెలుసు. కాకినాడ వైపు పామాయిల్ ట్యాంకులు కొలిచేటప్పుడు నేను టేపు చివర నీటిని పట్టే పేస్టు పూసి అడుగంటా దించేవాణ్ణి. నీళ్లు తగిలినంత మేరా దాని రంగు మారుతుంది. ఆ తర్వాత నూనె వేడి చూడాలి, ట్యాంకు చార్టు చూడాలి. ఎండెక్కితే నూనె ఉబ్బుతుంది, పొద్దున్న మట్టమూ మధ్యాహ్నం మట్టమూ ఒకటి కాదు. నిచ్చెనెక్కి దిగేసరికి చొక్కా పిండుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ట్యాంకు మీద సెన్సరు పెడతారట. నిమిషనిమిషానికీ మట్టం ఫోన్లో కనిపిస్తుందట. సరే, కనిపిస్తుంది. దేని మట్టం?

మావాడి కంపెనీ కొనేది మొక్కజొన్న. ఇది ఇంకో రకం పెంకి సరుకు. పద్నాలుగు శాతం తేమతో వంద కిలోలు కొని పెట్టారనుకోండి. ఆరి ఆరి పన్నెండు శాతానికి దిగితే మిగిలేది తొంభై ఏడున్నర పైచిలుకు. ఎవరూ దొంగతనం చెయ్యకుండానే రెండు కిలోలు గాల్లో కలిసిపోతాయి. తరుగు ఎక్కువున్న గోడౌన్ మీద అందరూ పడతారు. నేను మాత్రం తరుగు బొత్తిగా లేని గోడౌన్ దగ్గర ఎక్కువసేపు కూర్చునేవాణ్ణి. నీళ్లు చల్లుతున్నారా, తూకంలో కొడుతున్నారా, కూర్చుని లెక్క రాస్తున్నారా? మూడింట్లో ఏదో ఒకటి తేలేది.

తూకమంటే కాటా. నిండు లారీ ఎక్కేటప్పుడు డ్రైవరూ క్లీనరూ అందులోనే ఉంటారు, అదనంగా ఇంకో టైరుంటుంది. సరుకు దింపి వట్టి లారీ ఎక్కేసరికి క్లీనరు టీకి వెళ్తాడు, టైరు చెట్టు కింద ఉంటుంది. మనిషి బరువూ టైరు బరువూ మొక్కజొన్న ఖాతాలో పడతాయి. రోజుకి ఇరవై లారీలు, నెలకెంతో మీరే గుణించుకోండి. దీనికి మా మందేమిటంటే, ఒకే లారీ వట్టి బరువులన్నీ కాటా చీటీల్లోంచి ఏరి ఒక కాగితం మీద వరసగా రాసుకోవడం. డీజిలుని బట్టి, టార్పాలిన్ తడిపొడిని బట్టి, చక్రాలకంటిన మట్టిని బట్టి పదీ ఇరవై కిలోలు అటూఇటూ అవుతుంది. అంతకుమించి ఊగిందంటే క్లీనరు ఎక్కడ టీ తాగుతున్నాడో కనుక్కోవాలి.

ఇక రోడ్డు సంగతి. చెక్‌పోస్టుల్ని అందరూ తిట్టారు, నేనూ తిట్టాను. తడ దగ్గర భీమునివారిపాలెంలో లారీలు బారులు తీరి పడి ఉండేవి, సరుకుతో పాటు డ్రైవర్లూ ఎండిపోయేవాళ్లు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చి వాటిని ఎత్తేస్తే దేశమంతా చప్పట్లు కొట్టింది. కానీ ఆ చెక్‌పోస్టు ముద్ర మాకో సాక్ష్యం. ఫలానా లారీ ఫలానా తేదీన సరిహద్దు దాటిందని వే బిల్లు మీద ఠపీమని పడేది. మామూళ్లు పుచ్చుకున్న చెయ్యే ఆ ముద్ర వేసి ఉండొచ్చు, అది వేరే పాపం. 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లు. కుర్చీ దిగకుండా తీసుకోవచ్చు. లారీ కదలకపోయినా బిల్లు కదులుతుంది.

"అందుకే ఫాస్టాగ్ చూస్తాం తాతయ్యా" అన్నాడు మావాడు. ఇక్కడ నేను తగ్గాలి. గంటల కొద్దీ హాల్టింగ్ చార్జీలు రాసిన ఒక ట్రాన్స్‌పోర్టు బిల్లు చూపించాడు. మిల్లు గేటు దగ్గర రెండు రోజులు ఆగిందట లారీ. అదే లారీ టోల్ పద్దు పక్కన పెట్టాడు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర. గేటు దగ్గర ఆగి ఉండాల్సిన రోజున నాలుగు టోల్ గేట్లూ దాటింది, గంటలతో నిమిషాలతో సహా. నేనైతే ఆ బిల్లు వెనక స్టాంపూ సంతకమూ చూసి వదిలేసేవాణ్ణి. వదిలేశాను కూడా, ఎన్నో.

బండి నంబర్లూ అంతే. 1996లో బయటపడ్డ బిహార్ దాణా కుంభకోణంలో టన్నుల కొద్దీ సరుకు మోసినట్టు రాసిన బండ్లు తీరా చూస్తే కొన్ని స్కూటర్లని తేలింది. ఆ వార్త చదివి మా ఆఫీసులో అందరం నవ్వాం, ఆ తర్వాత ఎవరి ఫైళ్లు వాళ్లం భయంభయంగా తెరిచాం. అప్పట్లో ఒక నంబరు లారీదో స్కూటర్‌దో తేల్చుకోవాలంటే ఆర్టీవో ఆఫీసుకి ఉత్తరం రాయాలి, జవాబొచ్చేలోపు ఆడిట్ అయిపోయేది. ఇప్పుడు 'వాహన్'లో కొడితే క్షణం పని. ఒప్పుకుంటున్నాను. కానీ అరిసె నోట్లో ఉండగానే చెయ్యగలిగే పనిని నేను ఆడిట్ అనలేను.

"సరే, లేచి ఒక్క గోడౌన్ చూసిరా" అన్నాను. పద్నాలుగింట్లో ఒకటి మా ఊరి పొలిమేరల్లోనే ఉంది. లెక్క కిలోకి కిలో కలిసిన గోడౌన్, తెర మీద పచ్చగా మెరుస్తోంది. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ముక్కనుమ నాడు బయల్దేరాం. వాణ్ణి లోపలికి పంపారు. నన్ను గేటు దగ్గరే ఆపేశారు, విజిటర్ పాస్ లేదని. నలభై ఏళ్లు గోడౌన్ తలుపులు తీయించినవాణ్ణి, సెక్యూరిటీ కుర్రాడు "పెద్దాయనా, అక్కడ కూర్చోండి" అని టీకొట్టు చూపించాడు.

కూర్చున్నాను. పక్క బల్ల మీద ముగ్గురు డ్రైవర్లు. ఒకతను టీలో బన్ను ముంచుకుంటూ, పొద్దుట్నుంచీ దించలేదని విసుక్కుంటున్నాడు. కాటా దగ్గర రద్దీగా ఉందా అనడిగాను.

"కాటా ఎక్కడిది బాబాయ్? అది దసరాకే పాడైంది. పాత చీటీ చూసి కొట్టేసుకుంటున్నారు."

గంటన్నరకి మావాడు బయటికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా నిండా మొక్కజొన్న దుమ్ము, తల మీద సాలెగూడు. నెట్లన్నీ ఎక్కాడట, ఎక్కడా బావుల్లేవట. "చూశావా తాతయ్యా, అంతా కరెక్టే" అన్నాడు చేతులు దులుపుకుంటూ.

టీ ఒకటి చెప్పి, లారీ వట్టి బరువులు తియ్యమన్నాను. ఏదో ఒక లారీవి, దసరా నుంచి ఇటువైపు. బల్ల మీద గ్లాసులు జరిపి ల్యాప్‌టాప్ తెరిచాడు. నేను కళ్లజోడు పెట్టుకుని వాడి భుజం మీంచి చూశాను. 9,420. 9,420. 9,420. వాడి వేలు కిందికి జరుపుతూనే ఉంది. పదకొండు ట్రిప్పులు, ఎండలోనూ వానలోనూ, డీజిలు ఉన్నా లేకపోయినా, 9,420. పక్కనున్న గడి నిక్షేపంగా ఆకుపచ్చ.

వాడి టీ చల్లారిపోయింది.