డీఎంహెచ్‌వో గారికి చెప్తానండి

గుడివాడలో పుట్టి పెరిగినవాణ్ని. పబ్లిక్ హెల్త్‌లో పీజీ కూడా వెలగబెట్టాను. అయినా సర్కారు ఆసుపత్రులన్నిటికీ జిల్లాలో ఒకరే పెద్ద, ఆయన జిల్లా వైద్యారోగ్య అధికారి (డీఎంహెచ్‌వో) అని ఇంటర్వ్యూ గదిలో కూర్చునేదాకా గట్టిగా నమ్మాను.

చదవక కాదు. 1946 భోర్ కమిటీ, 1978 ఆల్మా ఆటా, 5,000 జనాభాకు ఒక సబ్‌సెంటరు, 30,000కు ఒక పీహెచ్‌సీ, 1,20,000కు ఒక సీహెచ్‌సీ... బందరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అవే వల్లె వేశాను. తీరా ఇంటర్వ్యూ చేసిన మేడం వాటిలో ఒక్కటీ అడగలేదు.

"ఎదురుమొండిలో రాత్రిపూట పొలంలో ఒకాయన్ని పాము కరిచింది. ఏం చేస్తారు?"

"108కి ఫోన్ చేసి, డీఎంహెచ్‌వో గారికి చెప్తానండి."

"అది లంక కదా! ఏటిమొగ రేవు దగ్గర 108 ఆగిపోతుంది. మనిషిని ఏరు దాటించేదెవరు?"

నోరు పెగల్లేదు. 2018 ఆగస్టులో దివిసీమ పాముకాట్లతో హడలిపోయినప్పుడు పేపర్లు రోజూ చదివాను. మోపిదేవిలో సర్పశాంతి యాగం చేశారన్నది బాగా గుర్తుంది. విరుగుడు మందు ఏయే ఆసుపత్రుల్లో ఉంటుందో తెలుసుకోవాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

"సరే, మీ గుడివాడ ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టరు లేడనుకోండి. ఎవరికి రాస్తారు?"

"డీఎంహెచ్‌వో గారికండి."

"బందరు పెద్దాసుపత్రిలో అయితే?"

"ఆయనకేనండి." ఈసారి ఇంకాస్త ధైర్యంగా అన్నాను.

ఆవిడ పక్కనున్న పెద్దాయన పెన్నుకు మూత పెట్టేశాడు.

కోడూరులో మా పిన్ని ఆశా కార్యకర్త. ఆమె రిజిస్టర్లు పాలిథిన్ కవరులో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి బీరువా మీద పెడుతుంది. పండక్కి వెళ్లినప్పుడల్లా చూసేవాణ్ని, ఒక్కసారీ విప్పి చూడలేదు. పీజీ చదివినవాడికి ఆశా దగ్గర నేర్చుకునేదేముంటుందనే పొగరు. ఇంటర్వ్యూ సంగతి విని పిన్ని నవ్వలేదు, అదే ఎక్కువ బాధించింది.

"ఒరేయ్, సబ్‌సెంటరూ పీహెచ్‌సీ డీఎంహెచ్‌వోవి. అవనిగడ్డ, గుడివాడ ఆసుపత్రులు జిల్లా ఆసుపత్రుల సమన్వయాధికారి, అదే డీసీహెచ్‌ఎస్ కింద. బందరులో మెడికల్ కాలేజీ వచ్చాక ఆ ఆసుపత్రి వైద్య విద్య డైరెక్టరు, అదే డీఎంఈ చేతికి పోయింది."

"నీకెలా తెలుసు?"

"కాన్పు కేసు తీసుకెళ్లి ఓ ఆసుపత్రిలో ఇరుక్కున్నా. ఆ ఆసుపత్రి నా చేతిలో లేదంది మా డాక్టరమ్మ. మరి ఎవరి చేతిలో ఉందో కనుక్కోనా?"

1986లో చట్టం చేసి వైద్య విధాన పరిషత్ పెట్టింది ఈ మధ్యస్థాయి ఆసుపత్రుల కోసమే. ఇప్పుడు దాన్నే సెకండరీ హెల్త్ అంటున్నారు. బందరు కాలేజీ 2023లో మొదలైంది, నా కళ్లముందే. అంటే ఒక్క జిల్లాలో మూడు శాఖలు. మందులు మాత్రం మూడింటికీ రాష్ట్ర వైద్య సేవల సంస్థ ఏపీఎంఎస్‌ఐడీసీ నుంచే. ఆ కొసరు కూడా పిన్నే చెప్పింది.

ఉద్యోగం రాలేదు, రాకపోవడమే న్యాయం. మీలో ఎవరైనా ఇలాంటి ఇంటర్వ్యూకు వెళ్తుంటే కమిటీల సంవత్సరాలు తర్వాత చదువుకోవచ్చు. ముందు మీ ఊరి ఆసుపత్రి సూపరింటెండెంటు తన సెలవు చీటీ ఎవరికి పంపుతారో కనుక్కుని వెళ్లండి.