అన్నం ఆగాలి, చారు ముందు రావాలి

శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని అంటాం. హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో అది ఒక్క రోజులో వెళ్లేది కాదు. ఫిబ్రవరిలో తెల్లవారుజామున 17, 18 డిగ్రీల దగ్గర ఉండేది మధ్యాహ్నానికి 32 దాకా ఎక్కుతుంది. పొద్దున స్వెట్టర్ వేసుకుని బండి తీసినవాళ్లే మధ్యాహ్నం చెరకురసం దగ్గర నిలబడతారు. గొంతు గరగర, ముక్కు దిబ్బడ, నోటికి ఏదీ సహించదు. శివరాత్రి నుంచి ఉగాది దాకా నడిచే ఈ నెల పైచిలుకు కాలానికి నా సలహా ఒక్కటే. భోజనాన్ని తలకిందులు చేయండి. పప్పు, కూర, పులుసు అయ్యాక చారు, ఆ తర్వాత పెరుగు అనే వరసను ఉగాది దాకా అటక మీద పెట్టండి. ముందు స్టీలు గ్లాసు నిండా చారు. అన్నం తర్వాత, ఇంకా ఆకలి మిగిలితే.

ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు. చారుతో కడుపు నింపుకుంటే అన్నం ఏం తింటావని అడుగుతారు. తక్కువే తింటారు, నేను కోరేది కూడా అదే. అయినా ఈ ఊరికి ఇది కొత్త పద్ధతేం కాదు. హైదరాబాదీ పెళ్లి దావత్‌లో మొదట వచ్చేది మరగ్. ఎముకతో ఉన్న మటన్‌ను సన్నసెగ మీద మరిగించి, మిరియాలూ మసాలాలూ వేసి, జీడిపప్పో మీగడో కలిపి చిక్కబరిచిన రసం అది. బిర్యానీ దాని వెనకే వస్తుంది. ఏది ముందు రావాలో ఆ దస్తర్‌ఖాన్ దగ్గర ఎప్పుడో తేల్చేశారు. మన వంటింట్లోనే ఇంకా చారును వెనక వరసలో నిలబెడుతున్నాం.

మిరియాల చారుతో మొదలుపెట్టండి. ఎవరికైనా జలుబు చేశాక కాచేది ఆలస్యం కింద లెక్క. ఇంటిల్లిపాదీ కులాసాగా ఉన్నప్పుడే కాయాలి. చారు జ్వరాన్ని తగ్గించదు. జ్వరం వస్తే దగ్గరలో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఉంది, అక్కడికి వెళ్లండి. చారు పని వేరు. నోటికి రుచి తెలియాలి, గొంతుకు వెచ్చగా తగలాలి, ఒంట్లోకి నాలుగు గుక్కల నీళ్లు పోవాలి.

నలుగురికి సగం నిమ్మకాయంత చింతపండు, నాలుగు గ్లాసుల నీళ్లు, ఒకటిన్నర చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర, ఆరు వెల్లుల్లి రెబ్బలు. ఈ రోజుల్లో బజారుకు కొత్త చింతపండు వస్తుంది, అందరూ ఏడాదికి సరిపడా కొని గింజ తీయిస్తారు. మీరూ కొనండి, కానీ డబ్బాలో పెట్టి మూత బిగించండి. ఈ నెలంతా అడుగున మిగిలిన నిరుటి నల్ల చింతపండే వాడండి. చారు రంగు నల్లబడుతుంది. నల్లబడనివ్వండి, ఆ పులుపు కొత్తదానిలా గొంతు పట్టుకోదు. మిరియాల పొడి పొట్లాలు కొనకండి. దంచగానే వాసననిచ్చే నూనెలు గాలిలో కలిసిపోవడం మొదలవుతుంది. గింజలు కొని కొన్నింటిని గ్లాసు నీళ్లలో వేసి చూడండి. మంచి మిరియాలు మునుగుతాయి, కల్తీకి కలిపిన బొప్పాయి గింజలు తేలుతాయి. చిన్న రోట్లో కచ్చాపచ్చాగా, చారు కాగుతుండగానే దంచి అందులో వేయండి. పైకి నురగ పొంగిన క్షణం పొయ్యి కట్టేయండి. ఆ పొంగు దాటి కాగిన చారులో పులుపూ కారమూ మిగులుతాయి, సువాసన మిగలదు.

ఎండుమిర్చికి ఉగాది దాకా సెలవు. పోపులో కూడా వద్దు. గుంటూరువాళ్లకు కోపం వస్తుందని తెలుసు. అయినా మిరప సముద్రాలు దాటి పోర్చుగీసు వాళ్లతో వచ్చింది. అంతకుముందు మన నాలుకకు కారమంటే మిరియమే. ఒక్క నెల ఆ పాత కారాన్ని ఒంటరిగా పనిచేయనివ్వండి. రెండూ కలిస్తే మిరియం గొంతు వినపడదు.

పోపు పెట్టేటప్పుడు చిమ్నీ ఆపేయండి. నెయ్యిలో ఆవాలు, ఇంగువ, కరివేపాకు చిటపటలాడే వాసన కోసమే కదా ఇంతసేపూ నిలబడింది, దాన్ని గొట్టంలోంచి వీధిలోకి పంపడం నాకు నచ్చదు. ఇల్లంతా తిరగాలి. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లుంటే మాత్రం ఈ మాట వదిలేసి కిటికీలన్నీ తెరవండి.

తాగాల్సిన వేళ కూడా తలకిందులే. అందరూ రాత్రి తాగమంటారు, నేను మధ్యాహ్నం రెండింటికి తాగమంటాను, ఫ్యాను కింద కూర్చోకుండా. వేడి చారుకు చెమట పడుతుంది. మన ఫిబ్రవరి, మార్చి గాలి పొడిగాలి కాబట్టి ఆ చెమట ఇట్టే ఆరి ఒళ్లు చల్లబడుతుంది. ఫ్రిజ్‌లో సీసా ఎత్తి గటగటా తాగే చేతిని ఈ గ్లాసు ఆపుతుంది.

అశోక్‌నగర్ గదుల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి గదికి వచ్చేసరికి మీ దగ్గర ఉండేది ఒక్క రైస్ కుక్కర్. అందులో ముందు అన్నం వండకండి. నలుగురూ ఆకలితో నకనకలాడుతున్నా సరే, ముందు చారు పెట్టండి. చిక్కడపల్లి మార్కెట్లో పొద్దుపోయాక చవగ్గా ఇచ్చే మెత్తబడ్డ నాటు టమాటాలు నాలుగు చేత్తో నలిపి, ఉప్పు, పసుపు, ఇంటినుంచి అమ్మ పంపిన చారుపొడి, నీళ్లు వేసి మీట నొక్కితే చాలు. గట్టిగా, నున్నగా మెరిసే టమాటా చారుకు పనికిరాదు, అది సలాడ్ సరుకు. చారు తాగి, కుక్కర్ కడిగి, అప్పుడు బియ్యం పోయండి. అన్నం ఉడికే అరగంటలో కడుపు కాస్త నిండి ఉంటుంది, పుస్తకం తెరవచ్చు.

ఉలవలు వేడి చేస్తాయని శివరాత్రికే ఆపేస్తారు. ఆపకండి. కృష్ణా, గుంటూరు పల్లెల్లో పశువులకు ఉడకబెట్టిన ఉలవల నీళ్లలోంచి పుట్టిన చారు అది. పావుకిలో ఉలవలు రాత్రంతా నానబోసి, రెండు లీటర్ల నీళ్లలో ఉడికించి, వార్చిన నీటిని చింతపండు రసంతో సగానికి మరిగించండి. పైన వెన్నో మీగడో వేయండి, వేడి సంగతి అది చూసుకుంటుంది. గింజలు సాయంత్రం గుగ్గిళ్లు.

వేపపువ్వు రాలడం మొదలయ్యాక దాన్ని నేతిలో ముదురు గోధుమరంగు దాకా వేయించి, కాచి దించిన చారులో చివర్న వేయండి. బెల్లం వేసి చేదును దాచొద్దు, పిల్లలకు కూడా.

ఇక ఉగాది. తెలంగాణ ఇళ్లలో బక్షాలు, అంటే బొబ్బట్లు, చేసే రోజు. శనగపప్పు ఉడికించి వార్చిన కట్టులో చింతపండు పులుసు, కాసింత పూర్ణం, ధనియాల పొడి, ఎండుకొబ్బరి వేసి, ఉల్లిపాయ, వెల్లుల్లి, కరివేపాకులతో పోపు పెట్టిన చారు ఈ కాలానికంతటికీ పెద్ద చారు. తీపి, పులుపు, పప్పు కమ్మదనం ఒక్క గుక్కలో తెలుస్తాయి. ఇదే మహారాష్ట్రలో కటాచీ ఆమ్టీ, కన్నడిగుల ఇంట్లో హోళిగె సారు. బక్షాల కోసం పప్పు ఉడికిస్తే చారు దానంతట అదే వస్తుందని అందరూ అనుకుంటారు. మీరు చారు కోసమే ఉడికించండి. నీళ్లు రెండింతలు పోయండి, పప్పు కాస్త మెత్తబడి కట్టు చిక్కబడేదాకా దించకండి. పూర్ణం కొంచెం జారుడైనా పట్టించుకోకండి, అవసరమైతే బక్షాలు తగ్గించండి. ఎక్కువే కాచండి, ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు మళ్లీ కాస్తే మొదటి రోజును మించుతుంది. చేసే ఓపిక లేనివాళ్లు మొహమాటపడొద్దు. ఎదురింటివాళ్లు ప్లేటులో బక్షాలు పట్టుకుని వస్తే ఒకటి తీసుకుని మిగతావి వెనక్కి ఇచ్చేయండి, బదులుగా చేతిలో ఖాళీ చెంబు పెట్టి కట్టుచారు పోయమనండి.