ముహూర్తం దాటితే ర్యామ్ పెరగదు

ఈ రోజుల్లో ల్యాప్‌టాప్ కొనేముందు మంచి సిద్ధాంతిగారిని కలవడం ఉత్తమం. 2031లో మీరు ఏ ఉద్యోగంలో ఉంటారు, మీ అమ్మాయి వీడియో ఎడిటింగ్ మొదలుపెడుతుందా, అప్పటి బ్రౌజరు ఎన్ని జీబీలు మింగుతుంది అన్నీ లెక్క కట్టించుకుని, ర్యామ్ ఎంత కావాలో బిల్లు వేసేటప్పుడే చెప్పాలి. ఆ ఘడియ దాటిందా, బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఒక్క జీబీ కలపలేడు. ఆయన నుదుటి మీద రాసినట్టే కంపెనీ బోర్డు మీద సోల్డర్ చేసేసింది.

వెనకటి యంత్రాలకి ఈ పట్టింపులు లేవు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి తీసుకెళ్తే, కౌంటరు వెనక కుర్రాడు అడుగు స్క్రూలు విప్పి, స్లాటుకి అటూ ఇటూ ఉన్న క్లిప్పులు బొటనవేళ్లతో నెట్టేవాడు. పాత స్టిక్కు ఏటవాలుగా పైకి లేచేది. కొత్తది అదే వాలులో దూర్చి కిందికి నొక్కితే టక్కుమనేది. టీ చల్లారేలోపు పని అయిపోయేది. ఇప్పటి పల్చటిది ఇస్తే మూత తీసి, బోర్డుకి అతుక్కున్న నల్లటి చిప్పుల్ని ఓసారి చూసి, మళ్లీ మూసేస్తాడు. ‘బోర్డే మార్చాలి సార్’ అంటాడు. బోర్డు ధర అడిగితే కొత్త ల్యాప్‌టాప్ చూపిస్తాడు.

ఇదంతా మన మంచికేనట, సన్నదనం కోసమట. 2012లో యాపిల్ రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలో ర్యామ్‌ని సోల్డర్ చేసి, బ్యాటరీని జిగురుతో అతికిస్తే, విప్పి చూసిన ఐఫిక్సిట్ వాళ్లు రిపేరు సులువుకి పదికి ఒక్క మార్కు వేశారు. మన ఇళ్లలో పదికి ఒకటొస్తే వీపు విమానం మోత మోగుతుంది. అక్కడ మాత్రం తోటి కంపెనీలు ఆ పేపరే చూసి కాపీ కొట్టాయి.

ఉన్నమాట చెప్పాలి: ఇప్పటి పల్చటి యంత్రాల్లో వాడే ఎల్పీడీడీఆర్ మెమరీ ప్రాసెసరుకి దగ్గరగా ఉంటేనే వేగం, కరెంటు పొదుపు వస్తాయి. దానికీ విరుగుడు ఉంది. స్క్రూలతో బిగించే, విప్పి మార్చుకోగల క్యామ్2 మెమరీ మాడ్యూలుకి 2023 డిసెంబరులో ప్రమాణాల సంస్థ జెడెక్ ప్రమాణం ఖాయం చేసింది, మరుసటేడే అది థింక్‌ప్యాడ్ పీ1 ల్యాప్‌టాప్‌లోకి వచ్చింది. సరే, ర్యామ్‌కి వేగం సాకు ఉంది. కొన్నిటిలో ఎస్‌ఎస్‌డీని కూడా సోల్డర్ చేస్తున్నారే, ఎం.2 స్లాటులో పెట్టుకునేది ఏమైనా కుంటుతోందా?

అసలు గుట్టు ధరల పట్టికలో ఉంది. స్లాటు ఉన్నన్నాళ్లూ కంపెనీ సీటీసీ కుర్రాడి ధరతో పోటీ పడాలి. స్లాటు పీకేశాక ఆడింది ఆట. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 8 జీబీ నుంచి 16కి వెళ్లడానికి మన దగ్గర 20,000 రూపాయలు కట్టించుకున్నారు. మ్యాక్‌బుక్ ప్రోకి కూడా 8 ఏం సరిపోతుందయ్యా అని 2023 నవంబరులో జనం గొణిగితే, మా 8 ఇతరుల 16తో సమానం కావచ్చునని యాపిల్ ఉపాధ్యక్షుడు బాబ్ బోర్చర్స్ సెలవిచ్చారు. ఏడాది తిరక్కుండా, 2024 అక్టోబరులో, ధర పెంచకుండానే ఎయిర్‌ని 16 జీబీతో మొదలుపెట్టారు. 8 జీబీయే 16 అయినప్పుడు మళ్లీ ఈ 16 దేనికో! ముందే 20,000 కట్టినవాళ్లు ఏ నోము నోచుకోలేదో.

ర్యామ్ పెంచడానికి వీల్లేదని పెట్టె మీద పెద్దక్షరాలతో వేయమనండి. వేయరు. షోరూములో సేల్స్ కుర్రాణ్ణి అడిగి చూడండి, ‘తర్వాత పెంచుకోవచ్చా బాబూ?’ అని.

‘బ్యాగు ఫ్రీ సార్’ అంటాడు.