టి37 జోలికి వెళ్ళకండి

ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే పీఎల్‌సీ అనే కంప్యూటర్‌కి లాజిక్ రాయడం బ్రహ్మవిద్యేమీ కాదు. తెర మీద నిచ్చెన మెట్లలా అడ్డగీతలు గీసి, ఎడమవైపు కాంటాక్టులు, కుడివైపు చివర కాయిలు పెట్టుకుంటూ పోవడమే. ఈ నిచ్చెన ఎందుకంటే, దానికో అమెరికా కథ ఉంది. డిక్ మోర్లీ అనే ఇంజినీరు 1968 జనవరి 1న ఇలాంటి యంత్రం ఒకటి కావాలని కాగితం మీద పెట్టాడు. రాత్రి న్యూ ఇయర్ పార్టీ తాలూకు హ్యాంగోవర్‌లో రాశానని ఆయనే చెప్పుకున్నాడు. అలా పుట్టింది మోడికాన్ 084. ఆయన కంపెనీకి అది 84వ ప్రాజెక్టట, అందుకే ఆ పేరు. అప్పటి ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్లకు రిలే బొమ్మలు చదవడం వచ్చు కాబట్టి ప్రోగ్రామునూ అదే బొమ్మలో ఇచ్చారు.

అసలు కష్టమంతా సెట్టింగుల్లో ఉంది. ల్యాప్‌టాప్‌కీ పీఎల్‌సీకీ మాట కలపడమే ముందు గండం. ఐపీ అడ్రస్ కలవాలి, సబ్‌నెట్ మాస్క్ కలవాలి, సాఫ్ట్‌వేర్‌లో సరైన నెట్‌వర్క్ కార్డు ఎంచుకోవాలి. జాతకాలన్నీ కలిసినా పిల్ల ఊ అనని సంబంధంలా, అన్నీ సరిపోయాక కూడా అది పలకదు. చివరికి ఎవరో వచ్చి "వైఫై ఆపి చూడండి సార్" అంటారు. ఆపితే పలుకుతుంది.

లోపలికి వెళ్ళాక వాచ్‌డాగ్ అనే సెట్టింగు ఎదురవుతుంది. నాకు దాని మీద గౌరవం ఎక్కువ. పీఎల్‌సీ చేసే పని ఒకటే: ఇన్‌పుట్లు చదువుతుంది, ప్రోగ్రాము మొత్తం ఒకసారి నడుపుతుంది, అవుట్‌పుట్లు రాస్తుంది, మళ్ళీ మొదటికొస్తుంది. ఈ చుట్టు ఇచ్చిన గడువులో పూర్తికాకపోతే వాచ్‌డాగ్ అరుస్తుంది. సీమెన్స్ ఎస్7-300లో మనం మార్చకపోతే ఆ గడువు 150 మిల్లీసెకన్లు. ఆ అరుపును అందుకునే బ్లాకు ప్రోగ్రాములో లేకపోతే సీపీయూ నేరుగా స్టాప్‌లోకి పోతుంది. ఇదే సెట్టింగు మనుషులకూ ఉంటే మా స్టోర్స్ డిపార్ట్‌మెంటు ఏనాడో స్టాప్‌లోకి పోయి ఉండేది. ఫ్యూజు కోసం పెట్టిన ఇండెంటు అక్కడ చుట్టు పూర్తి చేసుకోవడం నేనింకా చూడలేదు.

ఇక టి37 సంగతి. నేను పనిచేసే సిమెంటు ఫ్యాక్టరీలో, బస్తాలను లారీ దాకా మోసే బెల్టులు ఒకేసారి మొదలవవు. లారీ దగ్గరిది ముందు తిరగాలి, దాని వెనకది తర్వాత. లేకపోతే ఆగి ఉన్న బెల్టు మీద బస్తాలు గుట్టపడతాయి. రెండింటి మధ్య వ్యవధి చూసుకునే టైమరే టి37. అందులో పెట్టిన విలువ 17 సెకన్లు. మూడు సెకన్లు చాలే చోట పదిహేడు ఎందుకో రాసి ఉండాల్సిన కామెంటు లేదు. పాత తరం పీఎల్‌సీలతో వచ్చిన చిక్కే ఇది. సీపీయూలో నడిచే కోడ్ మాత్రమే ఉంటుంది. పేర్లు, కామెంట్లు మాత్రం వాటిని రాసిన ఇంజినీరు ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతాయి. ప్రోగ్రామును సీపీయూ నుంచి వెనక్కి లాక్కుంటే ఒంటి మీద నూలుపోగు లేకుండా వస్తుంది. మా ప్రోగ్రాము రాసిన ఇంజినీరు దుబాయిలో ఉన్నాడని కొందరు, రియల్ ఎస్టేట్‌లో ఉన్నాడని కొందరు అంటారు.

కామెంటు లేని చోట పురాణం పుడుతుంది. రెండు మోటార్లు ఒక్కసారే లేస్తే స్టార్టింగ్ కరెంటుకు బ్రేకర్ పడిపోతుందని ఎలక్ట్రికల్ వాళ్ళ వాదన. మాట నిజమే, కానీ ఆ కరెంటు దిగడానికి పదిహేడు సెకన్లు అక్కర్లేదు. గేర్‌బాక్సు వేడెక్కాలని మెకానికల్ వాళ్ళన్నారు. హూటర్ విని బెల్టు మీద కూర్చున్నవాడు దిగాలి కదా అన్నాడు సేఫ్టీ ఆఫీసరు. బెల్టు మీద ఎవరు కూర్చుంటారని ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు కాబట్టి.

ప్యాకింగ్‌లో అందరికన్నా సీనియర్ ఆపరేటర్‌ని అడిగాను.

"ఆ టైమర్ జోలికి వెళ్ళకండి సార్."

"ఎందుకు బాబాయ్?"

"ఆ కాస్త టైములోనే కదండీ టీ గ్లాసు కిందపెట్టి లేచేది."

మిగతా మూడు కారణాల కన్నా నాకిదే శాస్త్రీయంగా అనిపించింది. కానీ దీన్ని మీటింగులో చెప్పలేం.

మీటింగు ఎందుకంటే, కొత్తగా వచ్చిన ప్రొడక్షన్ మేనేజరు గారు స్టాప్‌వాచ్ పట్టుకుని తిరిగి, టి37ని 5కి దించాలన్నారు. ఎలక్ట్రికల్ వాళ్ళు 17 దగ్గర బిగుసుకున్నారు. సేఫ్టీ ఆయన ఎటూ సంతకం పెట్టనన్నాడు. గేర్‌బాక్సు ప్రస్తావన రాగానే మెకానికల్ ఆయన ఫోన్ వచ్చిందని బయటికి వెళ్ళాడు. చివరికి పొలం గట్టు తగాదా తెగినట్టే తెగింది: పదిహేడూ అయిదూ కలిపి సగం చేస్తే పదకొండు. మోటారును గానీ బెల్టును గానీ ఎవరూ సంప్రదించలేదు.

ఇప్పుడు టి37లో 11 ఉంది. బెల్టులు బాగానే తిరుగుతున్నాయి. బాబాయ్ టీ మాత్రం కాస్త త్వరగా తాగాల్సి వస్తోంది. మార్పు చేస్తున్నప్పుడు మేనేజరు గారు నా వెనకే నిలబడి, తర్వాత వచ్చేవాళ్ళకు ఉపయోగపడేలా కారణం కూడా కామెంటులో రాయమన్నారు. "మీటింగులో తీసుకున్న నిర్ణయం మేరకు" అని రాశాను. ఆయనకు బాగా నచ్చింది. ఆ కామెంటు నా ల్యాప్‌టాప్‌లో భద్రంగా ఉంది. ఆ ల్యాప్‌టాప్ పాతబడిందట, వచ్చే నెల మార్చేస్తామని ఐటీ వాళ్ళు మెయిలు పెట్టారు.